కిరణం దారిలో మూలుగ

మనిషి ఒళ్లంతటికీ ఒక్క పెట్టున 4 గ్రేల రేడియేషన్ తగిలిందనుకోండి. వైద్యం అందకపోతే అలాంటివాళ్లలో దాదాపు సగం మంది రెండు నెలల్లో చనిపోతారు. 1945 ఆగస్టులో హిరోషిమాలో పేలుడు నుంచీ మంటల నుంచీ బయటపడ్డవాళ్లలో ఎందరో మూడు నాలుగు వారాలకు జుట్టు రాలి, ఒంటి మీద ఎర్రటి చుక్కలు లేచి, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతూ, తగ్గని జ్వరంతో పోయారు. వాళ్ల ఎముకల్లోని మూలుగ కొత్త రక్తకణాలను తయారుచేయడం మానేసింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పొత్తికడుపు భాగంలో ఇచ్చే మోతాదు 45 నుంచి 50 గ్రేలు. ప్రాణం తీసే ఆ 4 గ్రేలకు ఇది పది రెట్ల పైమాటే. అయినా ఆ రోగి రోజూ నడిచి వస్తుంది, పావుగంట సేపు బల్ల మీద పడుకుంటుంది, లేచి ఇంటికి వెళ్తుంది. ఊళ్లోవాళ్లు కరెంటు పెట్టించుకుంటోందని చెప్పుకుంటారు. ఆమెను కాపాడేవి రెండు. మోతాదును రోజుకు 1.8 లేదా 2 గ్రేల చొప్పున ఐదు వారాలకు పంచి ఇస్తారు. కిరణాలు ఒళ్లంతా తగలవు, ఒక భాగానికే తగులుతాయి. మిగతా ఎముకల్లోని మూలుగ ఆ ఐదు వారాలూ నెత్తురు తయారుచేస్తూనే ఉంటుంది.

చిక్కంతా ఆ ఒక్క భాగంతోనే. పుట్టినప్పుడు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల్లో దాని చోట కొవ్వు చేరుతుంది. పెద్దవాళ్లలో అది పుర్రె, రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, కటి ఎముకలు, తొడ ఎముక, భుజం ఎముకల పైకొనలకు పరిమితమవుతుంది. అందులోనూ సుమారు 40 శాతం కటి ఎముకల్లో, నడుము కింది వెన్నుపూసల్లో ఉంటుంది. గర్భాశయ ముఖద్వారానికి గానీ పురీషనాళానికి గానీ రేడియేషన్ ఇవ్వాలంటే కిరణాలు ఆ ఎముకల గుండానే పోవాలి. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది. వాళ్లలో ఎక్కువమంది వ్యాధి ముదిరాకే ఆసుపత్రికి వస్తారు. ఆ దశలో ఆపరేషన్ కన్నా రేడియేషన్, దానికి తోడు కీమో, ఇవే దిక్కు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగ రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఒక్కొక్కటీ పదివేల కోట్లకు అటూ ఇటూగా తయారవుతాయి. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ప్లేట్‌లెట్ ఎనిమిది నుంచి పది రోజులు. రక్తంలోకి వచ్చిన న్యూట్రోఫిల్ ఒక రోజు నిలిస్తే గొప్ప. అందుకే మూలుగ మీద దెబ్బ పడితే రక్తపరీక్షలో ఆ సంగతి ఒక వరసలో బయటపడుతుంది: రెండు మూడు వారాల్లో న్యూట్రోఫిల్స్, వాటి వెనకే ప్లేట్‌లెట్లు, అన్నిటికన్నా ఆఖరున హిమోగ్లోబిన్. లింఫోసైట్లు మాత్రం ఈ వరసలో ఇమడవు. అవి రేడియేషన్‌కు నేరుగానే చచ్చిపోతాయి, అందుకే మొదటి వారంలోనే పడిపోతాయి. మెదడు కణితికి ముప్పై రోజులు రేడియేషన్ ఇస్తే దారిలో తగిలే మూలుగ చాలా తక్కువ. అయినా ఆ చికిత్స ముగిసేసరికి ఒంట్లో తిరిగే రక్తంలో 99 శాతం అర గ్రే కన్నా ఎక్కువ మోతాదు తిని ఉంటుందని 2013లో లెక్క కట్టారు. లింఫోసైట్లు ఎందుకు పడిపోతాయో ఆ లెక్క చెబుతుంది.

రేడియేషన్‌కు మూలుగ ఇంత సున్నితం ఎందుకన్న ప్రశ్న ఎక్స్‌రేలంత పాతది. రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనిపెట్టి పదేళ్లయినా కాకముందే, జర్మనీలో హైనెకె అనే సర్జన్ ఎలుకల్లో, గినీపిగ్‌లలో అన్నిటికన్నా ముందు దెబ్బతినేవి లింఫు గ్రంథులు, ప్లీహం, మూలుగ అని గమనించాడు. 1906లో ఫ్రెంచి వైద్యులు బెర్గోనియే, ట్రిబోందో ఒక సూత్రం చెప్పారు: ఎంత చురుగ్గా విభజన చెందే కణానికి అంత ఎక్కువ హాని. క్యాన్సర్ కణాలు అలాంటివే గనక రేడియేషన్ పనిచేస్తుంది. మూలుగ కణాలూ అలాంటివే గనక దెబ్బతింటాయి. మందు, హాని రెండూ ఒకే గుణం నుంచి పుట్టాయి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా జరిగిన పనంతా ఈ రెంటినీ విడదీసే ప్రయత్నమే.

అందులో మొదటి పెద్ద అడుగు షికాగో విశ్వవిద్యాలయంలో పడింది. లియోన్ జేకబ్సన్ యుద్ధకాలంలో అణుబాంబు పథకంలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసిన వైద్యుడు. 1949 ప్రాంతంలో ఆయన బృందం ఎలుక పొట్ట కోసి, ప్లీహాన్ని రక్తనాళాలు తెగకుండా బయటికి తీసి, దాన్ని మాత్రం సీసపు కవచంలో పెట్టి, మిగతా ఒళ్లంతటికీ చంపేటంత మోతాదు ఇచ్చింది. ఎలుకలో ప్లీహం కూడా రక్తం తయారుచేస్తుంది. కవచం లేని ఎలుకలు దాదాపుగా అన్నీ చచ్చిపోయాయి. ప్లీహానికి కవచమున్నవాటిలో ఎక్కువ భాగం బతికాయి. అంతకన్నా విశేషం, వాటి ఎముకల్లో పూర్తిగా దెబ్బతిన్న మూలుగ కొద్దిరోజుల్లో మళ్లీ నిండింది. ప్లీహం నుంచి ఏదో రసాయనం వెలువడి మూలుగను లేపుతోందని జేకబ్సన్ అనుకున్నాడు. 1951లో ఎగాన్ లోరెంజ్ రేడియేషన్ తిన్న ఎలుకలకు వేరే ఎలుకల మూలుగను ఎక్కించి బతికించాడు. 1956లో ఇంగ్లండులోని హార్వెల్ శాస్త్రవేత్తలు, గుర్తుపట్టగలిగే క్రోమోజోమ్ ఉన్న కణాలను వాడి అసలు విషయం తేల్చారు: మూలుగను నింపింది రసాయనం కాదు, దాత నుంచి వచ్చిన కణాలే.

ఆ కణాలను లెక్కపెట్టగలిగినవాళ్లు టొరాంటోకు చెందిన జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్. మూలుగ కణం ఎంత రేడియేషన్‌కు తట్టుకుంటుందో కొలవాలని వాళ్లు పని మొదలుపెట్టారు. ప్రాణాంతక మోతాదు తిన్న ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కించి, పది రోజులకు వాటి ప్లీహం చూస్తే మీద బుడిపెలు కనిపించాయి. ఎక్కించిన కణాలు ఎన్ని ఎక్కువైతే బుడిపెలు అన్ని ఎక్కువ. ఒక్కో బుడిపె ఒక్కో కణం సంతానం. 1961లో రేడియేషన్ రీసెర్చ్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం రక్తపు మూలకణాలకు తొలి ప్రత్యక్ష ఆధారమైంది. మూలకణాల శాస్త్రం అంతా ఇవాళ ఈ అధ్యాయంలో మనం అడుగుతున్న ప్రశ్న నుంచే పుట్టిందన్నమాట. ఇది నాకెప్పుడూ ఆశ్చర్యమే.

జేకబ్సన్ ఎలుక నుంచి వైద్యానికి దక్కిన సంగతి ఒకటే. పంటంతా తినేసినా, వచ్చే ఏటికి దాచిన విత్తనపు వడ్లు మిగిలితే రైతు మళ్లీ సాగు చేయగలడు. అలాగే కొద్దిపాటి మూలుగ దెబ్బ తగలకుండా మిగిలితే మూలకణాలు రక్తంలో కలిసి, ఖాళీ అయిన ఎముకల్లో చేరి, మళ్లీ పెరుగుతాయి. ఎంత మూలుగకు రేడియేషన్ తగిలిందన్నది ఎంత ముఖ్యమో, ఎంత మూలుగ తగలకుండా మిగిలిందన్నదీ అంతే ముఖ్యం.

ఇదంతా 1999 తర్వాత మరింత అవసరమైంది. ఆ ఏడాది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఐదు పెద్ద పరీక్షల ఫలితాలు చూసి వైద్యులందరికీ ప్రత్యేకంగా కబురు పెట్టింది: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తే మరణ ముప్పు 30 నుంచి 50 శాతం తగ్గుతోందని. అప్పటి నుంచి వారానికోసారి ఆ మందు ఎక్కించడం మామూలైంది. ఇప్పుడు మూలుగ మీద రెండు వైపుల నుంచీ దెబ్బ. కీమోకు ముందు ప్రతి వారం రక్తం తీసి చూస్తారు. న్యూట్రోఫిల్స్ 1,500 కన్నా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గితే చాలాచోట్ల ఆ వారం సిస్‌ప్లాటిన్ ఆపేస్తారు. ఆసుపత్రిని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఇంకా పడిపోతే రేడియేషన్ కూడా ఆపాల్సి వస్తుంది.

మూలుగను కాపాడటమంటే రోగికి నీరసం తగ్గించడం, జ్వరం రాకుండా చూడటం అని చాలామంది అనుకుంటారు. అది నిజమే గానీ సగమే. లోపల పెట్టే రేడియేషన్‌తో సహా ఈ చికిత్స మొత్తం ఎనిమిది వారాల్లో, అంటే 56 రోజుల్లో, ముగియాలి. ఆ గడువు దాటాక ప్రతి అదనపు రోజుకూ కణితి అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు ఒక శాతం దాకా తగ్గుతుంది. విరామం దొరికితే క్యాన్సర్ కణాలు కూడా కోలుకుని మళ్లీ పెరుగుతాయి. కౌంట్ పడిపోయి వారం ఆగిపోయిన చికిత్స అంటే, ఆ వారమంతా కణితికి ఇచ్చిన అవకాశం. చికిత్స గడువులోగా పూర్తవుతుందా లేదా అన్నది మూలుగ మీద ఆధారపడి ఉంది. నా దృష్టిలో మూలుగ రక్షణ క్యాన్సర్ చికిత్సలో భాగమే, దానికి పక్కన పెట్టే ఉపశమనం కాదు.

మన ఆడవాళ్ల విషయంలో మరో సమస్య ముందే సిద్ధంగా ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దాని మీద నెలల తరబడి క్యాన్సర్ రక్తస్రావం. మొదటి రోజునే హిమోగ్లోబిన్ 7, 8 ఉన్నవాళ్లు ఆసుపత్రికి వస్తారు. రక్తం తక్కువైతే కణితికి ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ లేని క్యాన్సర్ కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. ఈ సంగతిని 1950లలో గట్టిగా నిరూపించినవాళ్లలో ముఖ్యుడు హాల్ గ్రే. మోతాదు కొలతకు ఆయన పేరే పెట్టారు. కెనడాలో ఏడు ఆసుపత్రుల నుంచి 605 మంది రోగుల వివరాలు కలిపి చూస్తే, చికిత్స జరిగే వారాల్లో హిమోగ్లోబిన్ బాగా నిలబడినవాళ్లే ఎక్కువమంది బతికారని 1999లో తేలింది. అందుకే రేడియేషన్ మొదలుపెట్టే ముందే రక్తం ఎక్కించి, రక్తస్రావం ఆపి, హిమోగ్లోబిన్‌ను 10కి పైగా తెచ్చే ప్రయత్నం చేస్తారు.

హిమోగ్లోబిన్ పెంచడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఉందిగా అని అడగొచ్చు. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటున్న 351 మందిలో ఆ పరీక్ష చేశారు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు హిమోగ్లోబిన్ చక్కగా పెరిగింది. కానీ క్యాన్సర్ అదుపు, బతికిన కాలం మాత్రం మందు లేని ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కన్నా తగ్గాయి. 2003లో లాన్సెట్‌లో ఆ ఫలితం అచ్చయ్యాక నయం చేసే ఉద్దేశంతో రేడియేషన్ ఇచ్చేటప్పుడు ఆ మందుకు వైద్యులు దూరంగా ఉంటున్నారు. రక్తపరీక్షలో అంకె బాగుపడినంత మాత్రాన రోగి బాగుపడినట్టు కాదని దీనికన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటి గుణపాఠం తెల్లకణాల విషయంలోనూ ఉంది. న్యూట్రోఫిల్స్‌ను పెంచే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ 1991 నుంచి కీమో రోగులకు ఎంతో మేలు చేసింది. కానీ కీమో, రేడియేషన్ రెండూ కలిపి ఛాతీకి ఇస్తున్నప్పుడు, దానికి దగ్గర చుట్టమైన జీఎం-సీఎస్ఎఫ్ వాడి చూసిన అమెరికా పరీక్షలో ప్లేట్‌లెట్లు ఇంకా దారుణంగా పడిపోయాయి, చికిత్స వల్ల చనిపోయినవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఫలితం 1995లో వచ్చింది. ఇంజెక్షన్ పూర్వకణాలను విభజించమని తొందరపెడుతుంది. విభజన చెందే కణాన్నే రేడియేషన్ ఎక్కువగా కొడుతుంది. బెర్గోనియే, ట్రిబోందోల సూత్రం గుర్తుంటే ఈ ప్రమాదం అర్థమవుతుంది.

అసలు దెబ్బే తగలకుండా చేసే మందు కోసం వెతుకులాట కూడా పాతదే. ఎక్స్‌రేలు చేసే హానిలో ఎక్కువ భాగం కణంలోని నీటిని చీల్చి పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్స్ ద్వారా జరుగుతుంది. 1949లో హార్వే ప్యాట్ బృందం రేడియేషన్‌కు ముందు సిస్టీన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఇస్తే ఎలుకలు బతుకుతున్నాయని చూపింది. అణుయుద్ధ భయంతో అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ సంస్థ అలాంటి నాలుగు వేలకు పైగా రసాయనాలను పరీక్షించింది. వాటిలో నెగ్గింది అమిఫాస్టిన్. తల, మెడ రేడియేషన్ వల్ల నోరు ఎండిపోకుండా వాడటానికి 1999లో దానికి అమెరికాలో అనుమతి దొరికింది. మూలుగ కోసం మాత్రం అది నిత్యవాడుకలోకి రాలేదు. వాంతులు, బీపీ పడిపోవడం ఒక కారణం. కణితినీ కాపాడుతుందేమోనన్న అనుమానం ఇంకో కారణం.

ఆ అనుమానాన్ని మన ఇళ్లలో వాడే వాటికీ వర్తింపజేయాలని నా మనవి. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే బొప్పాయి ఆకు రసం, తెల్లకణాలు తగ్గాయనగానే తిప్పతీగ కషాయం, దుకాణంలో దొరికే యాంటీఆక్సిడెంట్ మాత్రలు. ప్రేమతో తెచ్చిపెట్టేవే అన్నీ. రేడియేషన్ తిన్న మూలుగను ఇవి కాపాడతాయనడానికి ఆధారం లేదు. రాడికల్స్‌ను అడ్డుకునే మాత్ర క్యాన్సర్ కణంలోనూ అడ్డుకోవచ్చు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను కోవిడ్ రోజుల్లో మన వైద్యులే నమోదు చేశారు. న్యూట్రోఫిల్స్ తక్కువున్న మనిషికి ఉడకని ఆకు పసరుతో క్రిములు చేరే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో ఉంచుకోవాల్సింది థర్మామీటరు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇంతవరకూ బాగా నమ్మకమైన దారి కిరణాన్నే పక్కకు తిప్పడం. 2006లో లోరెన్ మెల్, ఆయన సహచరులు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్, సిస్‌ప్లాటిన్ కలిపి తీసుకున్న 37 మంది స్త్రీల ప్లాన్‌లను మళ్లీ తీసి చూశారు. అది కూడా షికాగో విశ్వవిద్యాలయంలోనే, జేకబ్సన్ ఎలుకల చోటే. కటి మూలుగలో 10 గ్రేలకు మించి తగిలిన భాగం 90 శాతం దాటినవాళ్లలో తెల్లకణాలు బాగా ఎక్కువగా పడిపోయాయి. 10 గ్రేలంటే కణితికి ఇచ్చే దానిలో ఐదో వంతు. మూలకణాలకు అదే ఎక్కువ.

ప్లాన్ ఎలా తయారవుతుందో దగ్గరగా చూడాలి. రోగికి కటిభాగం సీటీ తీస్తారు. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందంలో వందకు అటూ ఇటూ ముక్కలు వస్తాయి. డాక్టరు ఒక్కో ముక్క మీద గర్భాశయం, లింఫు గ్రంథుల దారి ఒక రంగుతో, మూత్రాశయం ఒక రంగుతో, పురీషనాళం, పేగులు వేరే రంగులతో గీస్తారు. మూలుగను కూడా కాపాడాలనుకుంటే త్రికాస్థి, తుంటి ఎముకలు, తొడ ఎముక తల చుట్టూ గీయాలి. గంటల పని అది. తర్వాత భౌతిక శాస్త్రవేత్త కంప్యూటర్‌కు షరతులు పెడతారు: కణితికి 45 గ్రేలు తప్పకుండా అందాలి, మూలుగలో 10 గ్రేలు తిన్న భాగం 90 శాతం దాటకూడదు, 20 గ్రేలు తిన్నది 75 శాతం దాటకూడదు. యంత్రం తలలో ఉన్న సన్నటి టంగ్‌స్టన్ రేకులు కదులుతూ కిరణం ఆకారాన్ని క్షణక్షణం మారుస్తాయి. ఒకే దిక్కు నుంచి మందంగా కొట్టాల్సింది చాలా దిక్కుల నుంచి పల్చగా పడుతుంది. పాత పద్ధతిలో నాలుగు దిక్కుల నుంచి తిన్నగా వచ్చే కిరణాలు తుంటి ఎముకలను, త్రికాస్థిని నిలువునా దాటిపోయేవి.

ఎముకంతా ఒకేలా పనిచేయదు. పెట్ స్కాన్‌లో చురుకైన మూలుగ ఎక్కడెక్కడ ఉందో వెలుగుతూ కనిపిస్తుంది. ఆ చురుకైన చోట్లనే తప్పించమని చెబితే కంప్యూటర్‌కు పని సులువవుతుంది. మెల్ నాయకత్వంలో పలు దేశాల్లో జరిగి 2017లో అచ్చయిన పరీక్షలో 83 మంది పాల్గొన్నారు. పెట్ చూసి మూలుగను తప్పించిన 35 మందిలో ముగ్గురికి మాత్రమే న్యూట్రోఫిల్స్ ప్రమాదకరంగా పడిపోయాయి. అలా తప్పించని 48 మందిలో 13 మందికి పడిపోయాయి. చీట్లు వేసి విడగొట్టిన రెండు జట్లు కావు కాబట్టి ఇదే ఆఖరి మాట అనలేం. అయినా దిశ స్పష్టంగానే ఉంది.

మూలుగను తప్పిస్తే ఆ కిరణం వేరే ఎక్కడికో పోవాలి. పక్కనే పేగులు ఉన్నాయి. ముంబై టాటా మెమోరియల్‌లో సుప్రియా చోప్రా బృందం 300 మంది స్త్రీలలో చేసిన పరీక్షలో, ఇలాంటి సూక్ష్మమైన రేడియేషన్ వల్ల మూడేళ్లకు పేగుల బాధ 42.4 శాతం నుంచి 21.1 శాతానికి తగ్గింది. 2021లో వచ్చిన ఆ ఫలితం చిన్నది కాదు. పేగులను, మూలుగను రెంటినీ పూర్తిగా తప్పించడం కుదరనప్పుడు దేనికి పెద్దపీట వేయాలి? ముసలావిడ, రక్తం తక్కువ, కీమో తప్పనిసరి అయితే మూలుగకు; వయసులో ఉన్న మనిషి, కౌంట్ బలంగా ఉంటే పేగులకు అని నేననుకుంటాను. ప్రతి రోగికీ విడిగా తేల్చుకోవాల్సిన విషయమిది.

చిన్నపిల్లల్లో లెక్క తలకిందులవుతుంది. మెదడులో మెడుల్లోబ్లాస్టోమా వచ్చినవాళ్లకు వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇవ్వాలి. ప్రోటాన్ కిరణాన్ని కావలసిన లోతులో ఆపేయవచ్చు గనక, ఎదుగుదల ముగిసిన పెద్దవాళ్లలో వెన్నుపూస ముందుభాగపు మూలుగను మిగిల్చవచ్చు. మన దేశంలో 2019 నుంచి చెన్నైలో ఆ సదుపాయం ఉంది. ఎదిగే పిల్లలకు మాత్రం కావాలనే మొత్తం వెన్నుపూసకూ మోతాదు ఇస్తారు. సగమే ఇస్తే ఆ సగం ఎదగక, మిగతా సగం ఎదిగి, వెన్ను వంకర పోతుంది. వెన్ను నిలువుగా ఉండటం కోసం మూలుగను వదులుకుంటారు.

రేడియేషన్ రక్తంలోనే తిరిగితే కవచాలు, రేకులు పనికిరావు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియో అయోడిన్‌కు 1962 నుంచి ఒక హద్దు ఉంది: రక్తానికి తగిలే మోతాదు 2 గ్రేలు దాటకూడదు. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో మన భాభా అణు పరిశోధన కేంద్రం తయారుచేసే లుటీషియం-177ను న్యూరోఎండోక్రైన్ కణితులకు ఇచ్చేటప్పుడు కూడా మూలుగకు అదే హద్దు పాటిస్తారు. విడతకూ విడతకూ మధ్య ఎనిమిది వారాలు ఆగుతారు. ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు 2013లో వచ్చిన రేడియం-223 ఇంకో ఉపాయం. దాని ఆల్ఫా కణాలు మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ దూరమే పోతాయి. ఎముక పైపొర మీద కణితిని కొట్టి, లోపలి మూలుగను చాలావరకు వదిలేస్తాయి. అంతకుముందు వాడిన స్ట్రాన్షియం-89 బీటా కణాలు మిల్లీమీటర్ల లోతుకు దూసుకుపోయేవి.

చికిత్స ముగిశాక న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. లింఫోసైట్లకు నెలలు, కొందరిలో ఏళ్లు పడుతుంది. ఎక్కువ మోతాదు తిన్న కటి మూలుగ మళ్లీ రాకపోవచ్చు, ఎంఆర్ఐలో ఆ ఎముకలు కొవ్వుతో తెల్లగా కనిపిస్తూ ఉండిపోతాయి. మిగతా ఎముకలు ఆ పని పంచుకుంటాయి. రోజువారీ జీవితానికి అది సరిపోతుంది. కానీ ఏడాది రెండేళ్లకు క్యాన్సర్ తిరగబెడితే, అప్పుడిచ్చే కీమో భారం ఆ మిగిలిన మూలుగ మీదే పడుతుంది. మామూలు మోతాదుకే కౌంట్ కిందికి జారిపోవచ్చు. అప్పుడు చూసే డాక్టరుకు ముందు తెలియాల్సింది ఏ ఎముకలకు, ఎన్ని గ్రేలు, ఏ సంవత్సరంలో తగిలాయన్నది. ఆ వివరాలు చికిత్స ముగిసిన రోజున ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఉంటాయి. స్కాన్ ఫిల్ముల కన్నా ముందు దాన్ని భద్రపరచాలి, ఒక కాపీ ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచాలి, ఏ ఆసుపత్రికి వెళ్లినా వెంట తీసుకెళ్లాలి.